అవతలి గూటం

మా ఆదివారం బడి పిల్లల్ని యేసయ్య శిష్యుల పేర్లు చెప్పమంటే పన్నెండూ పాట పాడినట్టు అప్పజెబుతారు. పేతురు దగ్గర గొంతు లేస్తుంది. అంద్రెయ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి పీల్చుకుంటారు. పాపం, ఆయన బతుకే అంత. ముందు పిలుపు విన్నది ఆయన. పరుగున పోయి అన్నను వెంటబెట్టుకొచ్చింది ఆయన. తీరా పేరు మాత్రం అన్నకొచ్చింది. ఆ తర్వాత ఆయన్ని ఎవరికైనా చెప్పాలంటే "పేతురు తమ్ముడు" అని చెప్పుకోవాల్సిందే.

నాకు అంద్రెయ అనగానే గలిలయ సముద్రం గుర్తుకు రాదు. నల్ల కంబళి భుజాన వేసుకుని, వాకిట్లో చెప్పులు విడిచి, మందిరంలో వెనక గోడకు ఆనుకుని కూర్చునే కురుబ బసప్ప గుర్తొస్తాడు. పాస్టరు గారు బాప్తిస్మమిచ్చినప్పుడు ఆయనకు పెట్టిన పేరు అంద్రెయ. ఆ పేరుతో పిలిచింది పాస్టరు గారొక్కరే. ఊరికి ఆయన కిరస్తానం బసప్ప. నాకు బసప్పన్న.

నా పేరు పుష్పావతి. పుట్టింది మడకశిర పక్క. మెట్టింది గుట్టకిందపల్లె, కళ్యాణదుర్గం నుంచి ఆటోలో దాదాపు గంట దారి. వారమంతా అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం పెడతాను, ఆదివారం వాళ్ళలో కొందరికి రేకుల మందిరంలో పాఠం చెబుతాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊరే కొంచెం జాగ్రత్తగా ఉంటుంది. మా ఆయన అయితే "దేవుడు నీకు నాలుక ఒకటే ఇచ్చినాడు, అది మా పుణ్యం" అంటాడు. బసప్పన్న దగ్గర మాత్రం నా నోరు లేచేది కాదు. ఎదురు మాట్లాడని మనిషితో ఎంతసేపని పోట్లాడతాం.

ఆయన సంగతి తెలియాలంటే ముందు వల సంగతి తెలియాలి. మా వైపు వల అంటే చేపలది కాదు. చెరువులో నీళ్ళుంటే కదా చేపలు, చేపలుంటే కదా ఆ వల. మా చెరువు నిండగా చూసిన పిల్లలు ఇప్పుడు పిల్లల తండ్రులయ్యారు. మాకు వల అంటే గొర్రెల వల. వెనకటికి నార తాడుతో, ఇప్పుడు నైలాను తాడుతో అల్లుతారు, మనిషి నడుమెత్తు ఉంటుంది. పొద్దు గూకే వేళకు వేరుశనగ పీకిన చేలో గూటాలు పాతి, చుట్టూ వల కట్టి, మందను లోపలికి తోలతారు. చేనికి ఎరువు పడుతుందని రైతులే పిలిచి మంద పెట్టించుకుంటారు. ఒక్క మనిషితో అయ్యే పని కాదది. ఒకరు ఈ కొసన, ఒకరు ఆ కొసన గూటం కొట్టి లాగితేనే వల బిగుస్తుంది. పడుకునేదీ అట్లాగే, మంద మధ్యలో, మనుషులు రెండు కొసల్లో. తోడేలు ఏ పక్కన వస్తుందో దానికే తెలుసు.

అన్నదమ్ములున్న ఇంట్లో వల ఒక్కటే ఉంటుంది. గుట్టకిందపల్లెలో అన్నదమ్ములు వేరు పడ్డారనడానికి పొయ్యి వేరైతే చాలదు, మధ్యలో గోడ లేచినా చాలదు. వల విప్పాలి. విప్పి చెరి సగం పట్టుకుపోవాలి. "వాళ్ళు వల ఇప్పుకున్నారు" అని ఎవరైనా అన్నారంటే, ఇక మంచికైనా చెడ్డకైనా ఆ అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కరని అర్థం.

బసప్పన్నకు ఒకే అన్న, అంజినప్ప. తల్లీ తండ్రీ త్వరగా పోతే తమ్ముణ్ణి భుజం మీద మోసుకుని గొర్రెల వెంట తిరిగినవాడు. చేదు నోటి మనిషి. ప్రేమ వచ్చినా తిట్టులాగే వచ్చేది. తమ్ముడికి పెళ్ళి చేసింది ఆయనే. ఆ పిల్ల సిద్దమ్మ, పిల్లా జెల్లా కలగకముందే జ్వరంతో అనంతపురం పెద్దాసుపత్రిలో పోయింది. అది తొంభై ఏడో సంవత్సరం. అంజినప్ప అప్పుడు మందతో కన్నడ దేశంలో కాలవల పక్కన ఉన్నాడు, కబురు అందలేదు. ఆసుపత్రిలో పక్క మంచం తాలూకు నాగలక్ష్మమ్మ అనే ఆమె సిద్దమ్మకు గంజి తాగించింది, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చివరికి శవాన్ని ఊరికి చేర్చడానికి తన వాళ్ళను పిలిపించి, తాను కూడా టెంపోలో కూర్చుని వచ్చింది. కూడు పెట్టిందే తల్లి అంటారు. ఆ దోవంతా ఆమె ఒకే మాట చెప్పిందట, "యేసయ్య నిన్ను ఒంటరిగా ఇడిసిపెట్టడప్పా" అని.

అట్లా బసప్పన్న రేకుల మందిరానికి రావడం మొదలుపెట్టాడు. అంజినప్ప మొదట పెద్దగా పట్టించుకోలేదు. పెళ్ళాం పోయినోడు, ఎక్కడో ఒకచోట కూర్చోనీ అనుకున్నాడు. మరుసటి సంవత్సరం ఒక రైతు బోరు దగ్గరి నీళ్ళ తొట్టిలో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజు పాస్టరు గారు అంద్రెయ గురించి చెప్పారు. యేసయ్య పిలవగానే అంద్రెయ ఉన్నపళంగా వల విడిచిపెట్టి వెంట నడిచాడని, తాను నమ్మిన సంగతి మొట్టమొదట అన్నకే పోయి చెప్పి, పిలుచుకొచ్చాడని. "నీ పేరు ఇప్పటి నుంచి అంద్రెయ. నువ్వూ ఆయన లాగా ఉండాల" అన్నారు.

పాస్టరు గారిది గోదావరి పక్క ఊరు. వల అంటే ఆయన కళ్ళ ముందు పడవ ఉంది, నీళ్ళున్నాయి. బసప్పన్న కళ్ళ ముందు గొర్రెలున్నాయి. ఇద్దరిదీ ఒకే మాట, అర్థాలు వేరని ఇద్దరికీ అనుమానం రాలేదు.

మరుసటి ఆదివారం తెల్లవారగానే ఆయన చేసిన పని ఇది. మందను బయటికి తోలాక తన వైపు గూటం పీకాడు. తన సగం వల ముడులు విప్పాడు. చుట్టగా చుట్టి అన్న కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అన్నా, నేను వల ఇడిసిపెడతాండా. మందంతా నువ్వే ఉంచుకో. నేను యేసయ్య ఎనక పోతాండా."

అంజినప్ప ఆ చుట్ట వైపు చూశాడట. "ఎవుడు ఇప్పమన్నాడు నిన్ను?"

"అంద్రెయ ఇప్పినాడంట."

"యా ఊరోడు వాడు?"

బసప్పన్నకు ఊరు తెలియదు. "శానా దూరంలే అన్నా" అన్నాడు.

చెప్పి మందిరానికి పోయాడు. ఆరాధన అయ్యాక మధ్యాహ్నానికి తిరిగి వచ్చి అన్నను పిలవాలని ఆయన లెక్క. అంద్రెయ చేసింది అదే కదా. వల విడవాలి, తర్వాత అన్నను పిలవాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. తిరిగి వచ్చేసరికి కురుబల దేవుడు బీరప్ప గుడి కట్ట మీద కులపెద్ద వీరప్ప కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన అంజినప్ప. వీధిలో సగం గొర్రెలు విడిగా నిలబెట్టి ఉన్నాయి, వాటి పక్కన ఆ వల చుట్ట.

"మంద నీదే అంటి కదన్నా" అన్నాడు బసప్పన్న.

"నీ దానం నాకేటికి? వేరు పడినోనికి వాటా ఇచ్చేది మా నాయన నేర్పిన మర్యాద. తోలుకుపో. ఇంగ నా వల కాడ నీ నీడ పడకూడదు."

అన్నను పిలవడానికి వచ్చిన మనిషి, ఆ మాట అనకుండానే వల చుట్ట ఎత్తుకుని తన వాటా గొర్రెల్ని తోలుకుపోయాడు.

ఇదంతా అప్పట్లో నాకు తెలియదు. నేను ఆ ఊరికి కోడలిగా వచ్చింది రెండువేల ఒకటిలో. అప్పటికే ఆయన ఒంటరి బతుకు ఊరికి అలవాటైపోయి, ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు. నేను చూసింది మాత్రం చెబుతాను. వల ఒక కొసను తుమ్మ చెట్టుకు కట్టేవాడు, రెండో కొసన తాను గూటం కొట్టేవాడు. ఎంత లాగినా నడుమ జారిపోయేది. రెండుసార్లు తోడేలు పడింది. వదులు వల కట్టే మనిషిని ఏ రైతు పిలుస్తాడు? మంద తరుగుతూ వచ్చి చివరికి వేళ్ళ మీద చెప్పుకునేన్ని గొర్రెలు మిగిలాయి. కరువు సంవత్సరాల్లో గంజి కేంద్రం దగ్గర వరుసలో నిలబడి తనకు పోసిన దాంట్లో సగం ఒక గొర్రెపిల్లకు పోసేవాడు. నేను బతిమాలాను, "నువ్వు తాగన్నా ముందు" అని. నవ్వి ఊరుకున్నాడు.

అన్న మందను గుట్టకు తూర్పున మేపితే ఈయన పడమట మేపేవాడు. గొర్రెల్ని పిలవడానికి అంజినప్పకు ఒక కేక ఉంది. "హుర్ర్ బా" అని నాలుక మడిచి, చివర సాగదీసి అరుస్తాడు. ఆ కేక గుట్ట దాటి వినిపించేది. వినిపించినప్పుడల్లా బసప్పన్న గొర్రెలు మేత ఆపి తలలెత్తేవి. ఎంతైనా ఒక మంద బిడ్డలు. ఆయన వాటిని అదిలించేవాడు కాదు. అవి మళ్ళీ తలలు దించేదాకా తాను కూడా నిలబడి వినేవాడు.

మందిరంలోనైనా తోడు దొరికిందా అంటే, అదీ అంతంతే. మిగతా విశ్వాసులంతా ఒకే వాడ నుంచి వచ్చేవాళ్ళు, ఒకరికొకరు చుట్టాలు. ఆరాధన కాగానే గుంపుగా మాట్లాడుకుంటూ అటు పోయేవాళ్ళు. ఈయన ఒక్కడే ఇటు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, తిని, తట్ట కడిగిపెట్టి పోయేవాడు. ఒకసారి అడిగాను, సాయంత్రాలు ఏం చేస్తావన్నా అని. "ప్రార్థన చేసుకుంటా టీచరమ్మా. అది అయిపోతే మళ్ళా చేసుకుంటా" అన్నాడు. 

ఏటా ఎండాకాలం అంజినప్ప మందను కన్నడ దేశం తోలుకుపోయే రోజున బసప్పన్న ఊరి చివర వంక దగ్గర నిలబడేవాడు. మంద పోయేది, దుమ్ము పోయేది. అన్న చూసేవాడు కాదు. తమ్ముడి చోట కూలికి పెట్టుకున్న పుల్లన్న అనే మనిషి మాత్రం "పోయొస్తాం బసప్పా" అనేవాడు.

ఆదివారం బడి ఆరాధనకు ముందు జరుగుతుంది. బసప్పన్న ఎప్పుడూ పొద్దున్నే వచ్చేసి పిల్లల వెనక కూర్చునేవాడు. చదువు రాదు, వినడం ఇష్టం. రెండువేల ఆరులో పాస్టరు గారు బెంగళూరు నుంచి రంగు పటాలు తెప్పించారు. ఒక ఆదివారం అంద్రెయ పాఠం వచ్చింది. పటం గోడకు తగిలించాను. నీలం నీళ్ళు, పడవ, ఇద్దరు గడ్డాల మనుషులు, వాళ్ళ చేతుల్లోంచి నీళ్ళలోకి దిగిన వల, దాని నిండా వెండి చేపలు.

"ఇది ఏమి?" అని అడిగాను.

"చేపల వల" అన్నారు పిల్లలు. టీవీలు వచ్చాక వాళ్ళకు తెలియనిది లేదు.

బసప్పన్న లేచాడు. పిల్లల మధ్యలోంచి నడిచి గోడ దగ్గరికి వచ్చాడు. పటం మీద వేలు పెట్టాడు.

"ఇదేంది టీచరమ్మా?"

"వల అన్నా. అంద్రెయ వల. ఇది విడిచిపెట్టే కదా ఆయన యేసయ్య వెంట పోయింది."

"దీంట్లో గొర్రెలు యాడ?"

పిల్లలు నవ్వారు. నేను ఒక్క చూపు చూసేసరికి ఆపారు. "గొర్రెలు కాదన్నా, చేపలు. అంద్రెయ చేపలు పట్టేవాడు, నీళ్ళ మీద."

ఆయన చాలాసేపు ఆ చేపల్నే చూశాడు. తర్వాత బయటికి నడిచాడు. చెప్పులు వాకిట్లోనే ఉండిపోయాయి. ఆరాధనకు ఉండకుండా ఆయన వెళ్ళిపోవడం నేను చూడటం అదే మొదలు.

పిల్లల్ని పాట పాడుకోమని చెప్పి, ఆ చెప్పులు పట్టుకుని వెనకే పోయాను. గుట్ట మొదట్లో బండ మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడు చెప్పాడు, ఇంతవరకూ నేను మీకు చెప్పిందంతా. ముక్కలు ముక్కలుగా, ఎండకేసి చూస్తూ.

"నాకు ఒగటి తెలిసేది కాదు టీచరమ్మా. అంద్రెయ వల ఇప్పినాడు కదా, మరి వాళ్ళన్నకు కోపమెందుకు రాలేదు? మాయన్నకు వచ్చె కదా. వాళ్ళన్న మంచోడేమో అనుకుంటి. లేదంటే అంద్రెయ నాకంటే బాగా చెప్పినాడేమో అనుకుంటి. ఇన్నేండ్లూ అదే ఆలోచన. అది చేపల వలంట." నా వైపు తిరిగి అన్నాడు, "నేను ఇప్పింది యా వల టీచరమ్మా? నన్నెవురూ ఇప్పమనలేదు కదా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ఇన్నాళ్ళూ ఆ ఒంటరితనం దేవుడు అడిగాడు కాబట్టి ఇచ్చాననుకున్నాడు ఆ మనిషి. ఎవరూ అడగలేదని ఒక రంగు పటం చెప్పింది, అది కూడా నా చేత్తో తగిలించిన పటం.

"పోయి చెప్పన్నా మీయన్నకు. పొరపాటైంది, వేరు పడాలని కాదని" అన్నాను.

"ఇంటాడా?"

"వినకపోతే నేను చెప్తా."

"వొద్దులే. నీ నోటికి ఉండే దోవ కూడా మూసుకుంటాది" అన్నాడు. అంత దిగుల్లోనూ అన్నాడు.

ఆ సాయంత్రమే పోయాం. నేను వాకిలి ముందరి కంప దడి దగ్గరే ఆగిపోయాను. అంజినప్ప అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆయన భార్య రామలక్ష్మమ్మ మరిదిని చూసి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. బసప్పన్న తాగలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. పటం, పడవ, చేపలు. వేరు పడాలని తనకు ఏ పొద్దూ లేదని.

అంజినప్ప తాడు పేనడం ఆపాడు. తర్వాత నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, కంబళి కొసతో ముఖం తుడుచుకున్నాడు.

"చేపల వల కోసం నా వల ఇప్పినావా రా, ఎర్రోడా?"

"అవునన్నా."

"ఎర్రోడివి. పుట్టినప్పుడే ఎర్రోడివి." మళ్ళీ తాడు చేతిలోకి తీసుకున్నాడు. "పక్కన మనిషి లేక పుల్లన్నతో పడతాండా. వాడు పండుకుంటే పీనుగే. సరే, తెలీక చేసినావు. పొద్దున్నే బీరప్ప గుడి కాడ తప్పయిందని చెప్పు. పసుపు బండారం నొసట పెట్టుకో. ఆ రేకుల కొట్టానికి పోయేది మానుకో. పొద్దు గూకే పాటికి ఇద్దరం వల కడదాం."

 బసప్పన్న ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట అది. ఇంతకంటే తీయగా అంజినప్ప నోట మాట రాదు. రామలక్ష్మమ్మ చెంబు పట్టుకుని మరిది ముఖమే చూస్తూ ఉంది. ఒప్పుకోవాలని నేను కూడా కోరుకున్నాను, ఉన్నమాట చెప్పాలంటే.

బసప్పన్న కిందికి వంగి అన్న కాళ్ళు పట్టుకున్నాడు. "వల ఇప్పింది తప్పే అన్నా. నలుగుర్లో చెప్పమన్నా చెప్తా. ఆయన ఎనక పోయింది తప్పని చెప్పలేనన్నా."

"రెండూ ఒగటే కదరా."

"నేనూ ఒగటే అనుకుంటి. కాదంట."

అంజినప్ప కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "అయితే పో."

"ఇంగొక్క మాటన్నా. ఆ అంద్రెయకు ఒక అన్న ఉండె. మొట్టమొదట పోయి పిల్చింది ఆ అన్ననే. నేనా పొద్దు మధ్యాన్నం తిరిగొచ్చింది నిన్ను పిల్చేదానికే."

అంజినప్ప లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

దోవలో నేను ఊరుకోలేకపోయాను. "గుళ్ళో ఒక్క మాట చెప్పేసి, ప్రార్థన మనసులో చేసుకోవచ్చు కదన్నా. దేవుడికి తెలీదా నీ మనసు?" అన్నాను. ఆదివారం బడి టీచరు అనవలసిన మాట కాదు. అన్నాను.

"ఆయనకు తెలుస్తాది. మాయన్నకు తెలీదు కదా" అన్నాడు బసప్పన్న. "ఒగసారి తెలీక మాయన్నను మోసం చేసినా. ఈసారి తెలిసి చెయ్యమంటావా?"

 

ఆ తర్వాత ఆయన ఒంటరితనం ఇంకా పెరిగింది. ఇదివరకు ఆయన దాన్ని ఒక మొక్కుబడి మోసినట్టు మోసేవాడు. ఇప్పుడు దానికి పేరు లేదు, కారణం లేదు. మందిరానికి రావడం మానలేదు. వెనక గోడ దగ్గరే కూర్చునేవాడు. పాట పాడేటప్పుడు పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. నేను ఆ పటం చుట్టేసి బీరువా మీద పడేశాను. ఎవరైనా ఓదార్చబోతే "ఏం లేదులేప్పా" అనేవాడు. పాస్టరు గారికి సంగతంతా చెబితే ఆయన ఆ వారం నుంచి ప్రతి బుధవారం సాయంత్రం బసప్పన్నతో కలిసి గొర్రెల వెంట నడవడం మొదలుపెట్టారు. ఆయన నడిచిన కొద్దిసేపూ తోడు. ఆ తర్వాత గుట్టా, ఆ మనిషీ.

రెండువేల ఎనిమిది ఎండాకాలం ముందు పుల్లన్న బెంగళూరుకు బిల్డింగు పనికి పోయాడు. ఊళ్ళో కూలికి మనిషి దొరకలేదు. అంజినప్పకు అప్పటికి మోకాళ్ళు పోయాయి. అయినా ఒకణ్ణి అడిగే రకం కాదు. పెద్ద మంద, పెద్ద వల, ఒక్కడే. ఒక కొసన గూటం కొట్టి, కుంటుకుంటూ రెండో కొసకు పోయి, అక్కడ లాగితే ఇక్కడ ఊడేది. ఊరంతా చూసింది. బసప్పన్న కూడా గుట్ట మీది నుంచి చూశాడు. దిగి పోలేదు. నా వల కాడ నీ నీడ పడకూడదన్న మాట ఇంకా అట్లాగే ఉంది కదా.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం బడికి ఆయన రాలేదు. పిల్లలు పాట ముగించేసరికి వాకిట్లో కనిపించాడు. చెప్పులు విడవలేదు, లోపలికి రాలేదు. భుజాన కంబళి, చేతిలో సద్దిమూట. వెనక రోడ్డు మీద మంద ఆగి ఉంది. చిన్న మంద కాదు.

"పోతాండా టీచరమ్మా" అన్నాడు.

"యాడికన్నా?"

అప్పుడు చెప్పాడు. మూడు రోజుల కిందట, పొద్దు గూకే వేళకు ఆయన తన గొర్రెల్ని ఇంటికి తోలుకొస్తున్నాడు. చేలోంచి అంజినప్ప కేక వినిపించింది. గొర్రెలు ఎప్పటిలా తలలెత్తాయి. ఈసారి మళ్ళీ దించలేదు. పరిగెత్తి పోయి అన్న మందలో కలిసిపోయాయి. విడదీసి తెచ్చుకోవడానికి ఆయన ఆ చేలోకి పోక తప్పలేదు.

పోయేసరికి అంజినప్ప తన వైపు గూటం కొట్టేసి, దాని పక్కనే కూర్చుని ఉన్నాడు. వల చుట్టూ పరిచి ఉంది. అవతలి కొస నేల మీద పడి ఉంది. దాని పక్కన గూటం, రాయి. కొట్టలేదు. అలిసిపోయి వదిలేశాడో, కావాలని వదిలేశాడో బసప్పన్నకు తెలియలేదు. నిలబడ్డాడు. అన్న ఇటు తిరగలేదు.

"ఆ అంద్రెయ వాళ్ళన్న ఏమన్నాడు?" అని అడిగాడు అంజినప్ప, గొర్రెలకేసి చూస్తూ.

"ఎప్పుడన్నా?"

"తమ్ముడు వచ్చి పిల్చినప్పుడు."

బసప్పన్న ఆలోచించాడట. పాస్టరు గారు చెప్పిందంతా గుర్తు చేసుకున్నాడట. "ఏమన్నాడో చెప్పలేదన్నా వాక్యంలో. వచ్చినాడంట, అంతే."

 చీకటి పడబోతోంది. గొర్రెలు వల అవతలికి దాటుతున్నాయి.

"సూస్తా నిలబడినావేంది? ఆ పక్క గూటం కొట్టు" అన్నాడు అంజినప్ప.

"కొట్టినా టీచరమ్మా" అన్నాడు బసప్పన్న వాకిట్లో నిలబడి. ఆయన గొంతు అంత స్పష్టంగా నేను ఎప్పుడూ వినలేదు. "కన్నడ దేశం పోతాండాం. వానలు పడినాంక వస్తాం. పాస్టరయ్యకు చెప్పు."

"మీయన్న మందిరానికి వస్తాడా మరి?" అని అడిగాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఏమో. అడగలేదు. పొద్దున ప్రార్థన చేసుకుంటాంటే గమ్మున కూర్చుని ఉండె. అయిపోయిందా అన్నాడు. అయిపోయిందంటి."

ఇంకేదో అడగబోయాను. రోడ్డు మీది నుంచి చేదు గొంతు లేచింది.

"యాడ సచ్చినావురా, బసప్పా."

ఆ కేకకు గొర్రెలన్నీ తలలెత్తాయి. బసప్పన్న నాకు దండం పెట్టడం కూడా మరిచిపోయి పరిగెత్తాడు.

ఆ రోజు ఆరాధన మొదలుపెట్టేముందు పాస్టరు గారు వెనక గోడ వైపు చూశారు.

"అంద్రెయ రాలేదా?" అని అడిగారు.

"వాళ్ళన్న పిల్చినాడయ్యా" అన్నాను.